నాలుగు కోటల నడుమ

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు చరిత్ర చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నల్లగొండ జిల్లా నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి, ఎల్బీనగర్‌లో బస్సు దిగి, ఇక్కడే స్థిరపడ్డ వేలమందిలో నేనూ ఒకణ్ణి. మా పిల్లల నోట్సుల్లో రాజవంశాలు వరుసగా ఉంటాయి. స్థాపకుడు, రాజధాని, గొప్ప రాజు, చివరి రాజు, ఒక గీత. గీత కింద ఇంకో వంశం. ఒకరు గది ఖాళీ చేసి వెళ్ళాక ఇంకొకరు అద్దెకు దిగినట్టు ఉంటుంది ఆ వరుస. పరీక్ష గట్టెక్కడానికి పనికొస్తుంది, కాదనను. కానీ తెలుగు నేల మీద అధికారం అలా చేతులు మారలేదు. ఇక్కడ ఏలినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు ఇంకొకరి కొలువులో ఉన్నవాళ్ళే. ప్రభువు బలం తగ్గేదాకా ఓపిక పట్టి, తగ్గగానే తలెత్తినవాళ్ళే. అందుకే ఏ వంశం మొదలుపెట్టినా పిల్లల్ని ముందు ఒకటే అడుగుతాను: "వీళ్ళు అంతకుముందు ఎవరి కింద ఉండేవాళ్ళు?"

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎల్బీనగర్ చౌరస్తాను మించిన చోటు నాకు తెలియదు. అక్కడ నిలబడి పడమటికి తిరిగితే, మూసీ అవతల, నగరం చివరన గోలకొండ. ఈశాన్యాన భువనగిరి ఒంటి బండ. ఆగ్నేయాన ఇబ్రహీంపట్నం, మంచాల దాటితే రాచకొండ గుట్టలు. విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా పోయి కుడికి తిరిగితే నల్లగొండ పక్కన పానగల్లు. ఈ నాలుగింటి నడుమ మన కాలనీలున్న నేల ఎన్నడూ రాజధాని కాలేదు. రాజధానుల నడుమ తొవ్వగా ఉంది, ఒక్కోసారి సరిహద్దుగా ఉంది. పోటీ ఎలా నడిచిందో రాజధాని కంటే సరిహద్దే బాగా చూపిస్తుంది.

అన్నిటికంటే పాత సాక్ష్యం చైతన్యపురిలోనే ఉంది. మెట్రో స్టేషన్ నుంచి మూసీ వైపు నడిస్తే ఫణిగిరి కాలనీ వస్తుంది, అక్కడ గుట్ట మీద కోసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆ గుట్ట బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం చెక్కి ఉంది. క్రీ.శ. 5వ శతాబ్దం నాటిది. హైదరాబాద్ నగరం లోపల ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో ఇంతకంటే పాతది లేదు. గోవిందరాజ విహారమనే బౌద్ధవిహారాన్ని, భిక్షాన్నంతో బతికే పిండపాతిక భిక్షువులను అది పేర్కొంటుంది. ఆ గోవిందరాజు విష్ణుకుండి వంశపు గోవిందవర్మ అని పండితులు గుర్తించారు. ఆదివారాల్లో పిల్లల్ని అక్కడికి తీసుకుపోతుంటాను. మధ్యాహ్నం పోతే ఏమీ కనబడదు, బండ అంతా ఒకే రంగు. పొద్దు వాలాక వెలుగు పక్కనుంచి పడ్డప్పుడు లోతు తక్కువ గీతల్లో నీడ నిలుస్తుంది, అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. అప్పటిదాకా సెల్‌ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు కూడా మాట్లాడకుండా నిలబడిపోతారు. 'విష్ణుకుండినుల మత విధానం' అని రెండు మార్కుల ప్రశ్నగా చదువుకున్న సంగతి వాళ్ళ హాస్టల్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంది మరి.

ఆ మూసీ వెంటే దిగువకు పోతే రామన్నపేట దగ్గర తుమ్మలగూడెం, ఒకనాటి ఇంద్రపాలనగరం. అక్కడ దొరికిన రెండు రాగిశాసనాలు చైతన్యపురి బండ చెప్పని రాజకీయం చెబుతాయి. మొదటిది గోవిందవర్మది: తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి ఊళ్ళు దానమిచ్చాడు. రెండోది శకవర్షం 488, అంటే క్రీ.శ. 566 నాటిది. ఆ వంశంలోని విక్రమేంద్రభట్టారక వర్మ పల్లవ సింహవర్మను గెలిచి వచ్చి, అదే విహారానికి మరో ఊరు ఇచ్చాడు. యుద్ధం ఎక్కడో దక్షిణాన జరిగింది, దానం మూసీ ఒడ్డున జరిగింది. వేదయాగాలు చేశామని చెప్పుకున్న వంశమే భిక్షువులకు ఊళ్ళు రాసిచ్చింది. వాకాటకుల పిల్లను కోడలిగా తెచ్చుకుని, వాకాటకుల బలం తగ్గాక ఆ వియ్యాన్నే బిరుదుగా చెప్పుకుంది. 7వ శతాబ్దం మొదట్లో బాదామి చాళుక్య రెండో పులకేశి వేంగిని పట్టి తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుణ్ణి అక్కడ నిలిపితే, ఆ తమ్ముడి వంశం కొద్దికాలంలోనే అన్నగారి ఇంటితో సంబంధం లేకుండా సొంత రాజ్యమయింది.

రాష్ట్రకూటుల కాలం గురించి ఈ వైపు చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. 973లో వాళ్ళు కూలి కల్యాణి చాళుక్యులు వచ్చాక మాత్రం మన తూర్పు దిక్కు బాగా వేడెక్కింది. భువనగిరి దాటాక వచ్చే కొలనుపాక, అప్పటి కొల్లిపాక, వాళ్ళకు తూర్పు కావలి. ఆ నాడునే కొల్లిపాక-7000 అనేవాళ్ళు. తంజావూరు నుంచి వచ్చిన రాజేంద్రచోళుడు తాను గెలిచిన చోట్లలో దాని పేరు చెప్పుకున్నాడు. అతని కొడుకు రాజాధిరాజు ఇదే చాళుక్యులతో పోరాడుతూ 1054లో కొప్పం దగ్గర ఏనుగు మీదే ప్రాణం విడిచాడు. భువనగిరి కోట చాళుక్య త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీదుగా వెలసిందని ప్రతీతి. ఇంత పెద్దవాళ్ళు కొట్టుకుంటుంటే వాళ్ళ కింద చిన్నవాళ్ళు పెరిగారు. హనుమకొండలో కాకతీయులు, పానగల్లులో కందూరి చోళులు.

కాకతీయుల కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వాళ్ళ గొప్పకాలం కాదు, తలెత్తిన ఘట్టం. రెండో ప్రోలరాజు తన ప్రభువు చాళుక్య తైలపుణ్ణి యుద్ధంలో పట్టుకున్నాడు. పట్టుకుని, భక్తితో విడిచిపెట్టాడు. ఆ మాట రాయించింది అతని కొడుకు రుద్రదేవుడు, 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో. ప్రభువును బంధించగలంత బలం వచ్చింది, ప్రభువన్న మాట కాదనే ధైర్యం ఇంకా రాలేదు. ఒక తరం గడిచేసరికి అదీ వచ్చింది. అదే శాసనం, తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి చనిపోయాడని చెబుతుంది. రాజుల చావును ఇంత నిర్దయగా రాతిమీద ఎక్కించిన చోటు ఇంకోటి నేను చదవలేదు. తండ్రి విడిచిపెట్టిన ప్రభువును కొడుకు ఇలా సాగనంపాడు.

కందూరి వారి సంగతీ అంతే. మరో గోవిందరాజును ఓడించి పానగల్లు నేలను కందూరి ఉదయచోడుడికి ఇప్పించింది ప్రోలరాజే. తండ్రి నిలబెట్టిన ఇంటి మీదికి కొడుకు దండెత్తి, నగరం తగలబెట్టి, ఆ ఇంటి పిల్ల పద్మావతిని పెళ్ళాడాడు. ఆ తరవాత కందూరి చోళులు కాకతీయుల సామంతులు. పానగల్లులో ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఈ రోజుకూ ఉన్నాయి. ఓడిపోయిన వంశం చెరువు ఎండిపోలేదు. గెలిచినవాడికి ఆ చెరువే కావాలి, దాని కింద పండే పంటలో వచ్చే పాలు కావాలి. సామంతుణ్ణి చంపకుండా వియ్యమందుకోవడంలో ఈ లెక్క ఉంది.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిని కూడా ప్రోలరాజు కాలానికే ముడిపెట్టి చెబుతారు స్థానికులు. రాజు వేటకు వచ్చి అలిసి పడుకుంటే రామనామం వినబడిందని స్థలపురాణం. దాన్ని చరిత్రగా క్లాసులో చెప్పను. అయితే ఓరుగల్లు రాజు వేటాడిన అడవిగా ఈ చోటును ఇక్కడివాళ్ళు ఇన్ని తరాలు గుర్తుపెట్టుకున్నారన్న సంగతిని మాత్రం గౌరవిస్తాను.

తలెత్తే అవకాశం వచ్చినా ఎత్తనివాళ్ళు లేకపోలేదు. రుద్రదేవుడు, అతని తమ్ముడు మహాదేవుడు ఇద్దరూ దేవగిరి యాదవులతో యుద్ధాల్లోనే పోయారు. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు యాదవులకు చిక్కి వాళ్ళ చెరలో ఉండిపోయాడు. ఓరుగల్లు సింహాసనం ఖాళీ. ఆ సమయంలో రాజ్యాన్ని చెదరనీయకుండా కాచింది సేనాని రేచర్ల రుద్రుడు. 1199లో గణపతిదేవుడు తిరిగివస్తే అప్పగించాడు. 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఇతనే. ఆ గుడి శిల్పం గురించి గంటలు గంటలు మాట్లాడతాం. కట్టించినవాడు రాజు కాగలిగి కూడా కాలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

ఇక చందుపట్ల. నకిరేకల్ మండలంలోని ఊరు, మా వైపు. రాణి రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఏ ఆస్థానకవి వల్లా కాదు, ఆ ఊళ్ళో దొరికిన 1289 నవంబరు శాసనం వల్ల. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ళ పుణ్యం కోసం మల్లికార్జునుడి బంటు ఒకడు సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆమె మీద తిరగబడ్డవాడు కాయస్థ అంబదేవుడు. అతనూ సామంతుడే, ఆమె తండ్రి పెంచిన ఇంటివాడే. సామంతుడి తిరుగుబాటు కాలంలో రాణి పోతే, ఒక బంటు తన భూమి ఇచ్చి ఆమె పేరు నిలిపాడు. విజయవాడ బస్సు నకిరేకల్ దాటుతున్న ప్రతిసారీ నాకు ఆ బంటు గుర్తొస్తాడు.

1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలూఘ్ ఖాన్ ఓరుగల్లును పట్టాక, ఇన్నాళ్ళూ కాకతీయుల కింద ఉన్న నాయకులంతా ఒక్కసారిగా ప్రభువు లేనివాళ్ళయ్యారు. మన తూర్పు దిక్కుకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి గెలిచాడు. పడమట గుల్బర్గాలో బహమనీ రాజ్యం వెలసింది, అదీ ఢిల్లీ సుల్తాను మీద తిరగబడ్డ అమీర్లు పెట్టుకున్నదే. రెండూ కొత్త రాజ్యాలే. మొదట్లో చేతులు కలిపాయి, తరవాత కొట్టుకున్నాయి. 1364 ప్రాంతంలో కాపయ ఓడి, గోలకొండను బహమనీ మహమ్మద్ షాకు అప్పగించాడు, ఫిరోజా సింహాసనాన్ని కూడా ఇచ్చుకున్నాడు. గోలకొండే ఇకమీద ఇద్దరికీ హద్దని ఒప్పుకున్నారని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆ వాక్యం చదివినప్పుడు నేను మనసులో మూసీని గీసుకుంటాను. హద్దుకు అటు గుల్బర్గా, ఇటు ఓరుగల్లు. ఇవాళ మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అంటున్న నేల ఆ హద్దుకు ఇవతలి అంచు.

అప్పుడు లేచారు రేచర్ల పద్మనాయకులు. రామప్ప కట్టిన రేచర్ల వారు వేరు, వీళ్ళు వేరు. వీళ్ళ పూర్వీకుడు ప్రసాదిత్యుడు రుద్రమదేవి పక్షాన నిలిచి 'కాకతిరాజ్య స్థాపనాచార్య' బిరుదు పొందాడని వెలుగోటివారి వంశావళి చెబుతుంది. అంటే సామంతులే. సింగమ నాయకుడు జల్లిపల్లి కోట దగ్గర ప్రాణం పోగొట్టుకుంటే, కొడుకులు అనపోతుడు, మాదానాయకుడు పగ తీర్చుకుని, అక్కడితో ఆగకుండా కాపయ నాయకుడి మీదికే వెళ్ళారు. 1360ల చివర్లో భీమవరం దగ్గర కాపయ పడిపోయాడు. 1369 నాటి అయినవోలు శాసనంలో అనపోతుడు అప్పటికే ఆంధ్రదేశాధీశుడు. అతను రాచకొండను కోటగా కట్టించాడు. తమ్ముడు దేవరకొండ ఏలాడు.

రాచకొండ చూడనివాళ్ళు ఎల్బీనగర్ నుంచి ఒక్కరోజులో పోయి రావచ్చు. గుట్టను ఆసరా చేసుకుని గోడ లేస్తుంది. సున్నం లేదు, మట్టి లేదు. పెద్ద పెద్ద బండరాళ్ళు ఒకదానిలో ఒకటి ఒదిగేట్టు పేర్చారు. పెద్ద రాళ్ళ సందుల్లో అరచేతి పొడవు చిన్న రాళ్ళు బిగించారు, ఇప్పటికీ వేలితో కదిపితే కదలవు. ద్వారబంధాలు నిలువు రాతికమ్మలు. పైకెక్కితే చుట్టూ గుట్టలు, నడుమ సీతాఫలం చెట్లు. దాపుకు వచ్చేదాకా కోట ఉన్నట్టే తెలియదు. ఓరుగల్లు మైదానంలో కోటలో కూర్చున్న ప్రభువులకు ఏమైందో కళ్ళారా చూసినవాళ్ళు కట్టిన కోట ఇది. 2016లో మా ప్రాంతపు పోలీసు కమిషనరేటుకు రాచకొండ పేరు పెట్టినప్పుడు నాకు ఎంతో సంతోషమేసింది. క్లాసులో "రాచకొండ ఎక్కడుంది?" అని ఒక్క పిల్ల కూడా అడగలేదు ఆ ఏడాది.

ఇప్పుడు రాచకొండ వాళ్ళు ఎవరి పక్కన నిలిచారో చూడాలి. కృష్ణకు దిగువన కొండవీటి రెడ్లు, వాళ్ళతో శ్రీశైలం దగ్గర భూముల కోసం పోరు. దక్షిణాన విజయనగరం, దాని చూపు ఓరుగల్లు మీద. పడమట బహమనీలు, వాళ్ళకూ విజయనగరమే శత్రువు. అందుకని రాచకొండ బహమనీలతో చేయి కలిపింది. రెండో హరిహరరాయల కాలంలో విజయనగర సేన ఇటు వచ్చినప్పుడు సుల్తాను సేన రేచర్ల వారికి అండగా నిలిచింది. కొత్తకొండ పోరులో విజయనగరం వైపు సాళువ రామదేవుడు నేలకొరిగాడు. ఈ భాగం చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేస్తారు. "సార్, మన తెలుగు రాజులు సుల్తానుతో కలిసి విజయనగరం మీద యుద్ధం చేశారా?" చేశారు, అమ్మా. ఒక్క తరం కాదు. తరవాత 1417–1420 నడుమ బహమనీ సుల్తాను ఫిరోజ్ షా పానగల్లు కోట చుట్టూ దిగినప్పుడు అదే పద్మనాయకులు విజయనగర దేవరాయల పక్కకు మారారు, ఫిరోజ్ షా ఓడాడు. రాచకొండను ఏ గుడీ ఏ మసీదూ నడిపించలేదు, పొరుగు నడిపించింది. పక్కవాడు బలిసినప్పుడల్లా అవతలివాడితో స్నేహం. పిల్లలకు ఇది నచ్చినా నచ్చకపోయినా చెప్పి తీరతాను. ఈ కాలాన్ని రెండు మతాల యుద్ధంగా చదువుకుంటే రాచకొండ కథలో ఒక్క ఘట్టమూ అర్థం కాదు.

ఇంత పోరు నడుమ ఆ కోటలో పుస్తకాలు పుట్టాయి. అనపోతుడి కొడుకు సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' అనే అలంకారగ్రంథం సంస్కృతంలో రాశాడు. నాటకం ఎలా ఉండాలో, రసం ఎలా పుడుతుందో చెప్పే గ్రంథమది. సరిహద్దు కోటలో కూర్చుని అటువంటి పుస్తకం రాసిన మనిషంటే నాకు అబ్బురం.

1424–25లో బహమనీ అహ్మద్ షా ఓరుగల్లు తీసుకున్నాడు. తరవాత కొన్నేళ్ళకు రాచకొండా పోయింది. దేవరకొండ మాత్రం నిలిచింది. 1459లో హుమాయూన్ షా సేన దాన్ని ముట్టడిస్తే అక్కడి లింగమనాయకుడు ఒడిశా కపిలేశ్వర గజపతిని పిలిచాడు. గజపతి కొడుకు హంవీరుడు వెనకనుంచి వచ్చి పడ్డాడు, కోటలోంచి లింగముడు ముందునుంచి వచ్చాడు, బహమనీ సేన నడుమ నలిగింది. మరుసటి ఏడాది ఓరుగల్లు కోట గజపతుల చేతికి పోయింది. పిలిచినవాడి కంటే పిలవగా వచ్చినవాడే ఎక్కువ లాభపడ్డాడు.

బహమనీ రాజ్యం చీలినప్పుడు మళ్ళీ అదే కథ. గోలకొండ జాగీరు పొందిన సుల్తాన్ కులీ బహమనీల కొలువులో మనిషి. ప్రభువు పేరు పోయేదాకా ఓపిక పట్టాడు. ఆ తరవాత రాచకొండ, దేవరకొండ, పానగల్లు ఒక్కొక్కటే గోలకొండలో కలిశాయి. 1364లో హద్దుగా ఉన్న కోట ఇప్పుడు నడిబొడ్డు. అతని కొడుకు ఇబ్రహీం 1543లో అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల నీడన బతికాడు. 1550లో తెలుగు నాయక్వాడీ సైనికుల సాయంతో తిరిగివచ్చి సింహాసనమెక్కాడు. 1565 జనవరిలో అదే రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి వెళ్ళాడు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఇతని కాలానిదే. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని పిలిపించుకున్నదీ ఇతనే. అన్నీ ఒకే మనిషివి.

పోరు సద్దుమణిగాక సరిహద్దు మళ్ళీ తొవ్వ అయింది. 1591లో హైదరాబాద్ వెలిశాక మచిలీపట్నం ఓడరేవుకు దారి ఇటే. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం ఆ దారిలో మసీదు, చుట్టూ బాటసారులకు గదుల సరాయి, ఏనుగులు నీళ్ళు తాగేంత పెద్ద బావి కట్టించింది. అదే హయాత్‌నగర్. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసిన మచిలీపట్నం మజిలీల్లో హయాత్‌నగర్, పంతంగి, పానగల్లు వరుసగా వస్తాయి. పండక్కి ఊరికి పోయేవాళ్ళు టోల్‌గేటు దగ్గర గంటల తరబడి ఆగే పంతంగి అదే.

1687లో ఔరంగజేబు గోలకొండను తీసుకున్నాడు. అతని వారసుల బలం తగ్గాక, 1724లో షకర్‌ఖేడా దగ్గర గెలిచిన నిజాముల్ముల్క్ దక్కనుకు యజమాని అయ్యాడు. అయినా పేరుకు మొగలు చక్రవర్తి సేవకుడే, నాణేలు చక్రవర్తి పేరు మీదే. ప్రోలరాజు తైలపుణ్ణి భక్తితో విడిచిపెట్టిన పద్ధతికి, దీనికి ఆరువందల ఏళ్ళ దూరం ఉన్నా తేడా ఏమంత లేదు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిందో చూపించడానికీ దిల్‌సుఖ్‌నగర్ దాటక్కర్లేదు. మూసారాంబాగ్ పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచివాడు రేమండ్ సమాధి ఉంది, నిలువెత్తు రాతి స్తంభం. నిజాం కొలువులో 14,000 దాకా సైన్యాన్ని తయారుచేసిన సేనాని. 1798 మార్చిలో పోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ సైన్యం చేత ఆయుధాలు కిందపెట్టించారు. దాని బదులు ఈస్టిండియా కంపెనీ సిపాయిలు 6,000 మంది వచ్చారు, ఖర్చు ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు నిజాందే. అంతకుముందు ప్రభువు బలం తగ్గితే కిందివాడు లేచేవాడు. ఇప్పుడు ప్రభువు సైన్యమే పైవాడిది, జీతం మాత్రం కిందివాడు ఇవ్వాలి. ఆ జీతానికి బదులుగా 1800లో నిజాం బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు.